నాన్నకు దొరికిన క్షమాపణలో అమ్మ ఎక్కడుంది?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాకు 42 ఏళ్లు. మా నాన్న చనిపోయి మూడు నెలలైంది. తాగి వచ్చి అమ్మను కొట్టేవాడు. ఒకనాడు రెండునాళ్లు కాదు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆరేళ్ల కిందట అమ్మ పోయేదాకా. మంచాన పడ్డాక ఆఖరి మూడు వారాల్లో పాస్టర్ గారిని పిలిపించుకుని, ఏడ్చి, పాపాలు ఒప్పుకుని బాప్తిస్మం తీసుకున్నాడు. మందులూ మంచం అన్నీ నేనే చూశాను. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. అమ్మ పేరు ఎత్తలేదు. సమాధి దగ్గర పాస్టర్ గారు "ఈయన పాపాలన్నీ సముద్రపు లోతుల్లో పడ్డాయి, ఇప్పుడు ప్రభువు రొమ్మున ఆనుకుని ఉన్నాడు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు పెగల్లేదు.

నాన్న ఒకసారి విసిరికొట్టిన స్టీలు గిన్నె నా దగ్గరుంది. అమ్మ చెవి పక్కగా వెళ్లి గోడకు తగిలింది. ఆ సొట్టతోనే అమ్మ దాన్ని ఇరవై ఏళ్లు వాడింది, ఇప్పుడు నేను వాడుతున్నాను. తోమేటప్పుడల్లా ఇదే ఆలోచన: మూడు వారాల కన్నీళ్లకు ముప్ఫై ఏళ్లు కొట్టుకుపోతాయా? దేవుడి న్యాయం ఇదేనా? ఆయనకు శిక్ష పడాలని నాలో ఎక్కడో ఉంది. అలా అనుకున్నందుకు నాకే శిక్ష పడుతుందేమోనని భయం కూడా ఉంది. మీరు క్షమించకపోతే మీ తండ్రి మిమ్మల్ని క్షమించడని ఉంది కదా. ఇంకొకటి: నాన్న సమాధి రాయి మీద "ప్రభువు సన్నిధిలో విశ్రమించుచున్నాడు" అని చెక్కిస్తాను, సరేనా అని తమ్ముడు అడుగుతున్నాడు. ఏం చెప్పను?

ఒక కూతురు

సమాధానం: అమ్మా, రాయి సంగతి చివర్లో చూద్దాం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను, "అమ్మ పేరు ఎత్తలేదు" అన్న చోట. నాన్నకు క్షమాపణ దొరికిందన్నదే మీ బాధ అన్నట్టు రాశారు. నాకు అలా అనిపించలేదు. ఆ క్షమాపణ జరిగిన గదిలో అమ్మ లేదన్నది మీ బాధ. అన్యాయం ఎవరికి జరిగిందో వాళ్లను పిలవకుండానే దేవుడూ నాన్నా పాస్టర్ గారూ ముగ్గురే కూర్చుని లెక్క తేల్చేసుకున్నట్టు మీకు తోచింది. నిజంగా అలాగే జరిగి ఉంటే మీ కోపం న్యాయమే. అలా జరగడానికి వీల్లేదని మన లేఖనాలు చెబుతున్నాయని నేను నమ్ముతున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సేవలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో నేనూ ఇలాంటి సమాధి కార్యక్రమం ఒకటి జరిపించాను. పోయినాయన గురించి నాకు పెద్దగా తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. అలవాటుగా చెప్పే నాలుగు మంచి మాటలు చెప్పి, ప్రభువు దగ్గర ఉన్నాడని ముగించాను. వెనక వరసలోంచి ఆయన కోడలు లేచి బయటికి వెళ్లిపోయింది. తర్వాత గేటు దగ్గర కనబడితే పలకరించాను. "మీరు ఎవరి గురించి చెప్పారో నాకు అర్థం కాలేదండీ" అంది, అంతే. కోపంగా కూడా అనలేదు. ఆ మాట చాలా ఏళ్లు గొంతులో ముల్లులా ఉండిపోయింది. చనిపోయినవారికి తీర్పు తీర్చే అధికారం మాకు లేదని మేం పాస్టర్లం తరచూ అంటుంటాం. "పరలోకంలో ఉన్నాడు" అనడం కూడా తీర్పే కదా! అనుకూలమైన తీర్పు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఇంతకీ తీర్పు అంటే ఏమిటి? ఆ మాట వినగానే మనకు అగ్నిగుండం, పండ్లు కొరుకుట గుర్తొస్తాయి. బోధించేవాళ్లం దాన్ని బెదిరించడానికే ఎక్కువ వాడాం. కానీ 96వ కీర్తన తీసి చూడండి. దేవుడు భూమికి తీర్పు తీర్చడానికి వస్తున్నాడని తెలిసి ఆకాశం సంతోషిస్తుంది, సముద్రం ఘోషిస్తుంది, పొలం పులకిస్తుంది, అడవిలో చెట్లన్నీ ఉత్సాహంతో కేకలేస్తాయి. జడ్జి వస్తున్నాడంటే చెట్లకు సంబరం ఎందుకు? హెబ్రీ భాషలో తీర్పు తీర్చడమంటే దోషికి శిక్ష వేయడంతో అయిపోదు. వంకరపోయినదాన్ని సరిచేయడం, నోరులేనివాళ్ల పక్షాన నిలబడడం కూడా అందులోనే ఉంది. గిద్యోను లాంటివాళ్లను న్యాయాధిపతులు అన్నది అందుకే. దెబోరా ఖర్జూర చెట్టు కింద కూర్చుని తగవులు తీర్చేది, నిజమే. అయినా ఆ గ్రంథమంతా న్యాయాధిపతులు చేసిన పెద్ద పని, నలిగిపోతున్న జనాన్ని విడిపించడం. తండ్రి లేనివాడికి న్యాయం తీర్చండి, విధవరాలి పక్షాన వాదించండి అని యెషయా తన మొదటి అధ్యాయంలోనే మొత్తుకున్నాడు. లూకా 18లో విధవరాలు ఆ అన్యాయపు న్యాయాధిపతి గడప అరగదీసింది దేనికి? తీర్పు కావాలనే.

తీర్పంటే వణికేవాళ్లు కొందరైతే దాని కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసేవాళ్లు కొందరు. మీ అమ్మ ఈ రెండో వరసలో మనిషి. ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో వధింపబడినవారి ఆత్మలు బలిపీఠం కిందనుంచి "యెందాక" అని కేకవేస్తాయి. దేవుడి వాక్యం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు వాళ్లు. ఇంకా తీర్పు తీర్చవేమని అడుగుతున్నారు. ఆయన వాళ్లను గద్దించలేదు. తెల్లని వస్త్రాలిచ్చి ఇంకొంత కాలం ఆగమన్నాడు. కాబట్టి నాన్న చేసినదానికి లెక్క తేలాలన్న మీ కోరికను ముందు పాపాల జాబితాలోంచి తీసేయండి.

న్యాయాన్ని పక్కకు నెట్టి కనికరాన్ని మాత్రం ఉంచుకుందామన్న ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో శతాబ్దంలో మార్కియోను అనే ఆయన, పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. మొదటాయన కఠినమైన న్యాయవంతుడట, రెండో ఆయన ఒట్టి మంచివాడట. పాత నిబంధన మొత్తాన్ని వదిలేసి, లూకా సువార్తను తనకు కావలసినట్టు కత్తిరించుకున్నాడు. క్రీ.శ. 144లో రోము సంఘం ఆయన్ను వెలివేసింది. ఒకప్పుడు దీన్ని సిద్ధాంతాల తగాదాగానే చదివేవాణ్ణి. ఇప్పుడు చదివితే మీ అమ్మలాంటివాళ్లు గుర్తొస్తారు. కొట్టినవాణ్ణి ఎన్నడూ ఏమీ అనని దేవుడు, దెబ్బలు తిన్నవాళ్లకు మంచి దేవుడు ఎలా అవుతాడు?

ఇశ్రాయేలీయుల నిబంధన పెట్టె, అదే మందసం, ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోండి. నిర్గమకాండం 25లో కొలతలున్నాయి. పెట్టె పొడవు రెండున్నర మూరలు, వెడల్పు మూరన్నర, ఎత్తు మూరన్నర. లోపల ఆజ్ఞల పలకలు. దానిమీద అదే పొడవు, అదే వెడల్పులో మేలిమి బంగారంతో చేసిన మూత. మన బైబిల్లో ఆ మూత పేరు కరుణాపీఠం. ఏడాదికి ఒక్క రోజు ప్రధాన యాజకుడు తెర లోపలికి వెళ్లి దానిమీద రక్తం ప్రోక్షించేవాడు. కరుణాపీఠం వచ్చిందని పలకలు తీసి బయట పారేయలేదు. "నరహత్య చేయకూడదు" అన్న రాత లోపల అలాగే ఉంది, కరుణ దానిమీదే కూర్చుంది. రోమా 3:25లో పౌలు క్రీస్తును "కరుణాధారము" అన్నది ఈ మూత పేరుతోనే. గ్రీకులో ఆ మాట హిలాస్తేరియోన్. హెబ్రీ పత్రిక 9:5లో అదే మాటను మనవాళ్లు "కరుణాపీఠము" అని తర్జుమా చేశారు. ఒకే మాటకు రెండు చోట్ల రెండు తెలుగు మాటలు పడేసరికి ఈ సంబంధం మన చదువరుల కంటపడకుండా పోయింది. పౌలు ఆ వెంటనే ఏమంటాడంటే, దేవుడు తాను నీతిమంతుడుగా ఉంటూనే, యేసును నమ్మినవాణ్ణి నీతిమంతుడుగా తీర్చడానికి ఇలా చేశాడట. ఉత్త కనికరమే అయితే "పోనీలే" అన్న ఒక్క మాటతో సరిపోయేది. సిలువ దాకా రావలసిన పని లేదు.

ఇక మీకు బాగా గుచ్చుకునే మనిషి దగ్గరికి వస్తాను. దావీదు. రాజైన దావీదు పరాయివాడి భార్య బత్షెబను తీసుకున్న కథ మీకు తెలుసు. ఆమె భర్త ఊరియాను పోరు ముమ్మరంగా ఉన్నచోట ముందు నిలబెట్టించి చంపించాడు. తర్వాత 51వ కీర్తనలో "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అని ఏడ్చాడు. మరి ఊరియా సంగతో? మీ నాన్న చేసిందీ ఇదే. దేవుడి ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు, అమ్మ ఊసే లేదు. పాపమన్నది ఎవరికి చేసినా చివరికి దేవుడికే తగులుతుందని వ్యాఖ్యాతలు ఈ వచనానికి సర్దిచెబుతారు. కావచ్చు. నాకు మాత్రం అక్కడ ఎప్పుడూ ఒక వెలితి కనబడుతుంది.

ఆ వెలితిని దేవుడు అలా వదిలేయలేదు. నాతాను ప్రవక్త వచ్చి చెప్పిన కథలో దేవుడి ప్రస్తావనే లేదు. ఒక పేదవాడు. అతనికి ఒకే ఒక్క గొర్రెపిల్ల. అది అతని చేతిముద్దలు తిని, అతని గిన్నెలోది తాగి, అతని కౌగిట్లో పడుకునేది. (అక్కడ కూడా ఒక గిన్నె ఉంది, చూశారా.) దాన్ని లాక్కున్న ధనవంతుడి మీద దావీదు మండిపడ్డాక అప్పుడన్నాడు, "ఆ మనుష్యుడవు నీవే" అని. ముందు నష్టపోయినవాడి ముఖం చూపించాడు, నేరం పేరు పెట్టి చెప్పాడు, క్షమాపణ మాట ఆ తర్వాతే వచ్చింది. నీవు చావవు అన్నాడు. కత్తి నీ ఇంటిని విడవదనీ అన్నాడు. తర్వాతి అధ్యాయాలు చదివితే విడవలేదని తెలుస్తుంది.

అంతకంటే నన్ను పట్టుకున్నది ఇంకొకటి. సుమారు వెయ్యేళ్ల తర్వాత మత్తయి యేసు వంశావళి రాశాడు. తామారు, రాహాబు, రూతు పేర్లు రాసిన కలం బత్షెబ దగ్గరికి వచ్చేసరికి ఆమె పేరు రాయలేదు. "ఊరియా భార్యగానుండిన ఆమెయందు దావీదు సొలొమోనును కనెను" అని రాసింది. దావీదు క్షమాపణ పొందాడు, అతని వంశంలోనే రక్షకుడు పుట్టాడు. కానీ ఆ రక్షకుడు పుట్టాడన్న మాటకు పది వచనాల ముందు, చచ్చిపోయిన ఆ సిపాయి పేరు అలాగే నిలిచి ఉంది. క్రిస్మస్‌కు ఆ వంశావళి చదివిన ప్రతిచోటా ఊరియా పేరు వినబడుతుంది. దేవుడు నీ పాపాన్ని ఇక జ్ఞాపకం చేసుకోను అంటే, నేరం మోపడానికి జ్ఞాపకం చేసుకోనని. దెబ్బ తిన్నవాణ్ణి మరిచిపోతానని ఆయన ఎక్కడా అనలేదు. 56వ కీర్తనలో అయితే "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నింపబడియున్నవి, అవి నీ కవిలెలో కనబడుచున్నవి గదా" అని ఉంది. కవిలె అంటే లెక్కల పుస్తకం. అమ్మ కన్నీళ్లు ఆ కవిలెకు ఎక్కే ఉంటాయి. నాన్న బాప్తిస్మపు నీళ్లు ఆ పుటను తడిపి చెరిపేశాయని నేను నమ్మను.

మూడు వారాలకు ముప్ఫై ఏళ్లా అని అడిగారు. కొన్ని గంటలే దొరికినవాడు ఒకడున్నాడు, సిలువ మీద దొంగ. అతని మాటల వరస గమనించండి. పక్కవాణ్ణి గద్దిస్తూ "మనకైతే యిది న్యాయమే" అన్నాడు. "నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నది ఆ తర్వాత. దించమని అడగలేదు. పరదైసు మాట దొరికాక కూడా అతను సిలువ మీదే ఉన్నాడు, పొద్దుగూకే ముందు సైనికులు వచ్చి కాళ్లు విరగ్గొట్టారు. తనకు పడిన తీర్పు సరైందేనని ఒప్పుకున్న నోటితోనే కనికరం అడిగాడు. మీ నాన్న ఆ మొదటి మాట అన్నాడో లేదో మీరూ నేనూ చెప్పలేం. పాస్టర్ గారితో తలుపు వేసుకుని ఏం ఒప్పుకున్నాడో వినలేదు కదా. అయితే రక్షణ వచ్చిన రోజున పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నీ మీద నీ సహోదరుడికి ఏదైనా ఉంటే అర్పణను బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పాడు. ఆ లెక్కన మీ నాన్న మిమ్మల్ని అడగకపోవడం లోటే. సిగ్గయి ఉండొచ్చు, భయమయి ఉండొచ్చు, పాత మొండితనమే కావచ్చు. అది లోటు కాదని ఎవరైనా చెబితే నమ్మకండి.

రక్షణ దొరికాక ఇక లెక్క అప్పగించే పని లేదని చాలామంది అనుకుంటారు. పౌలు అలా అనుకోలేదు. "మనమందరము" క్రీస్తు న్యాయపీఠం ఎదుట కనబడాలి అని ఆయన రాసింది కొరింథులోని విశ్వాసులకు, తనను కూడా కలుపుకుని. మొదటి పత్రికలో ఇంకా సూటిగా చెప్పాడు: ఒక్కొక్కరి పనిని అగ్ని పరీక్షిస్తుంది, పని కాలిపోయినవాడు కూడా రక్షింపబడతాడు, కాకపోతే అగ్నిలోంచి తప్పించుకున్నట్టు. ఈ మాటను సంఘాలు తలో రకంగా అర్థం చేసుకున్నాయి. కతోలికులు ఉత్తరించు స్థలం అన్నారు, అంటే పరలోకానికి ముందు ఆత్మ శుద్ధి పొందే చోటు. 1439లో ఫ్లోరెన్సు సభ, 1563లో ట్రెంటు సభ దాన్ని ఖాయం చేశాయి. సంస్కర్తలు ఒప్పుకోలేదు, క్రీస్తు బలికి తోడు ఇంకేదీ అక్కర్లేదన్నారు. తూర్పు ఆర్థొడాక్స్ వాళ్లు ఆ సిద్ధాంతం పెట్టుకోకుండానే పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు. ఏడో శతాబ్దంలో సిరియా ఇస్సాకు అనే సన్యాసి, నరకంలో ఉన్నవాళ్లను కొట్టేది కూడా ప్రేమ కొరడాయే అన్నాడు. ప్రేమకు ద్రోహం చేశామని తెలియడాన్ని మించిన నొప్పి లేదట.

నేను ప్రొటెస్టెంటు సంఘంలో పెరిగినవాణ్ణి, ఉత్తరించు స్థలం నమ్మను. అయితే ఒకటి నమ్ముతాను. మీ నాన్న రక్షింపబడి ఉంటే, తాను చేసింది ఏమిటో చూడకుండా, అమ్మ ముఖంలోకి చూడకుండా పరలోకంలోకి జారుకునే దొడ్డిదారి ఆయనకు లేదు. తాగినప్పుడు మరిచిపోయింది, తెల్లారాక కాదన్నది, మీతో మాట తప్పించింది, అంతా ఆ వెలుగులో కనబడుతుంది. దాన్ని ఆయన భరించగలిగితే క్రీస్తు పక్కన నిలబడ్డాడు కాబట్టే భరిస్తాడు.

పైగా ఆ పీఠం మీద కూర్చునేది ఎవరు? చనిపోయి లేచిన తర్వాత కూడా చేతుల్లో మేకుల గుర్తులు, పక్కలో బల్లెపు గాయం ఉన్నాయని తోమాకు చూపించినాయన. ప్రకటన గ్రంథంలో సింహాసనం మధ్య నిలబడ్డ గొర్రెపిల్ల కూడా వధింపబడినట్టే కనబడుతుంది. పునరుత్థానం ఆయన ఒంటిమీద మచ్చలు చెరిపేయలేదు. మనుషుల చేతుల్లో దెబ్బలు తినడమంటే ఏమిటో ఆ న్యాయాధిపతికి మీ అమ్మ మొదటినుంచీ వివరించి చెప్పుకోనక్కర్లేదు.

మీ భయం సంగతి. మత్తయి 6:15ను కొట్టేసే అధికారం నాకు లేదు. కానీ దాన్ని గాయపడ్డవాళ్ల నెత్తిన కర్రలా వాడడం చూసి విసిగిపోయాను. మత్తయి 18లో, రాజు పదివేల తలాంతుల బాకీ కొట్టేసినా తోటి దాసుడి నూరు దేనారాల బాకీ వదలని దాసుడి ఉపమానం చెప్పి, "నీకు జరిగింది నూరు దేనారాలే, వదిలేయ్" అంటారు. లెక్క చూద్దాం. దేనారం ఒక రోజు కూలి. తలాంతుకు సుమారు 6,000 దేనారాలు. అంటే రాజు కొట్టేసిన బాకీ 6 కోట్ల రోజుల కూలి, ఎన్ని జన్మలెత్తినా తీరనిది. దాని పక్కన నూరు దేనారాలు చిన్నవే, అయినా కూలివాడికి అది మూడు నాలుగు నెలల కష్టం. యేసు దాన్ని బాకీ కాదనలేదు, అబద్ధమనలేదు. ఆ దాసుడి నేరం బాకీ గుర్తుపెట్టుకోవడం కూడా కాదు. గొంతు పట్టుకున్నాడు, చెరసాలలో వేయించాడు. మీరు ఎవరి గొంతూ పట్టుకోలేదు. మిమ్మల్ని క్షమించమని అడగని మనిషికి మూడు వారాలు మందులు వేశారు, పక్క సర్దారు.

క్షమించడానికి ఆ వాక్యాల్లో ఉన్న గ్రీకు క్రియ అఫియేమి. వదలడం అని అర్థం. సీమోను, అంద్రెయ వలలు విడిచి యేసు వెంట వెళ్లారన్న చోట మార్కు వాడిందీ ఆ క్రియే. వల వదిలారంటే అది చినిగిపోయిందనో అసలు లేనే లేదనో కాదు, చేతిలోంచి విడిచారని. మీరు చేయాల్సింది ఆ పాటిదే. "పగతీర్చుట నా పని" అని దేవుడు అన్నాడు కదా, ఆ పని ఆయనకే అప్పగించండి. ఎలా అంటారా? ఒకరోజు ఒంటరిగా కూర్చుని, నాన్న ఏం చేశాడో దేవుడికి పేరు పెట్టి చెప్పండి. మెత్తబరచకండి, "ఆయన కూడా పాపం" అని మధ్యలో సర్దిచెప్పకండి. తేదీలు గుర్తుంటే తేదీలతో సహా చెప్పండి. చివర "దీని తీర్పు నీదే, నేను చేయి తీస్తున్నాను" అనండి. మర్నాడు గిన్నె తోముతుంటే మళ్లీ మంట లేస్తుంది. మళ్లీ అదే మాట అనండి. నాన్న మీద ప్రేమ పొంగుకురావాలని ఎవరూ అడగడం లేదు.

శిక్ష పడాలని కోరుకున్న ప్రవక్త కూడా ఒకడున్నాడు, యోనా. అతన్ని చేపతో సహా పిల్లల కథగా మార్చేశాం గానీ అతని కోపానికి కారణముంది. నీనెవె అష్షూరు వాళ్ల మహానగరం. ఆ అష్షూరే క్రీ.పూ. 722లో ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని తుడిచిపెట్టేసింది. అలాంటివాళ్లు పశ్చాత్తాపంతో గోనెపట్ట కట్టుకోగానే దేవుడు శిక్ష విషయంలో మనసు మార్చుకున్నాడు. యోనా చావనివ్వమన్నాడు. దేవుడు అతని మీద విరుచుకుపడలేదు. ఎండలో పక్కనే ఉండి ఒక ప్రశ్న అడిగాడు, పుస్తకం ఆ ప్రశ్నతోనే ఆగిపోతుంది, యోనా జవాబు మనకు చెప్పలేదు. ఇంకొన్ని పుటలు తిప్పితే నహూము గ్రంథం వస్తుంది. అదే నీనెవె మీద తీర్పు. క్రీ.పూ. 612లో ఆ నగరం కూలింది. ఒక తరం పశ్చాత్తాపం తర్వాతి తరాల రక్తపాతానికి లైసెన్సు కాలేదు.

ఇది చదివేవాళ్లలో ఇంకా ఆ దెబ్బల కిందే ఉన్నవాళ్లు ఉంటారు. మీకు ఒక్క మాట: కనికరం పేరుతో అక్కడే ఉండమని ఎవరు చెప్పినా, చివరికి పాస్టరే చెప్పినా, వినకండి. బయటికి రండి, ఫిర్యాదు చేయండి. క్షమాపణ గురించి క్షేమంగా ఉన్నచోట కూర్చుని ఆలోచించుకోవచ్చు.

అమ్మా, ఆ పాస్టర్ గారి దగ్గరికి ఒకసారి వెళ్లండి. తగువుకు కాదు. మా అమ్మ ఇలా బతికింది అని చెప్పండి. ఆయన మంచివాడైతే తర్వాతి సమాధి దగ్గర కాస్త ఆచితూచి మాట్లాడతాడు. నాకు ఆ గేటు దగ్గర జరిగింది అదే.

ఇక రాయి. "ప్రభువు సన్నిధిలో విశ్రమించుచున్నాడు" అన్నది మనం ఇచ్చే తీర్పు, ఇందాక చెప్పినట్టు. మీ మనసు ఒప్పుకోని మాటకు సరే అనక్కర్లేదు, కాదని గొడవపడనూ అక్కర్లేదు. తమ్ముడితో ఇలా అనండి: పేరు, రెండు తేదీలు, కింద లూకా 18లో పన్నులు వసూలు చేసే సుంకరి మాట, "దేవా, పాపినైన నన్ను కరుణించుము." ఆఖరి మూడు వారాల్లో నాన్న అన్నది ఇంచుమించు ఇదే కదా. ఇది ఆయన మనవి. జవాబు ఇచ్చేవాడు ఇస్తాడు. నాన్నను పాపి అని రాయిస్తావా అని తమ్ముడు నొచ్చుకోవచ్చు. ఆ సుంకరి నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడన్న తర్వాతి వచనం చూపించండి. అయినా ఒప్పుకోకపోతే వదిలేయండి. అతనూ ఆ ఇంట్లోనే పెరిగాడు. నాన్న విశ్రాంతిలో ఉన్నాడని రాతి మీద చూసుకుంటే తప్ప కంటిమీద కునుకు రాదేమో అతనికి.

అమ్మ సమాధి మీద ఏముందో మీరు రాయలేదు. పేరూ తేదీలే ఉంటే, రాయి చెక్కే మనిషి వచ్చిన రోజునే ఆ కీర్తన మాట వేయించండి: "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నింపబడియున్నవి." ముందు అమ్మది చెక్కించండి. నాన్నది తర్వాత.